ముసలి క్యూరియాసిటీని ఇంకా నడపాలా, ఆపేసి ఆ డబ్బు కొత్తవాటికి పెట్టాలా?

కేసీ కెనాల్ గట్టు (కర్నూలు)

2012 ఆగస్టు 6న మనకు పొద్దున పదకొండు కావస్తుండగా నాసా రోవర్ (చక్రాల మీద తిరిగే పరిశోధన బండి) క్యూరియాసిటీ అంగారకుడి మీద గేల్ క్రేటర్‌లో దిగింది. అప్పటి నుంచి దాని వార్త ఏదొచ్చినా వదలకుండా చదివేవాణ్ణి. ఈమధ్య చదవబుద్ధి కావడం లేదు. పదమూడేళ్లలో నడిచింది 35 కిలోమీటర్ల చిల్లర, మా ఊరి నుంచి డోన్ కూడా రాదు. చక్రాలకు చిల్లులు పడ్డాయి. డ్రిల్లు ఒకసారి మూలబడింది. ఎడమ కెమెరాలో ఫిల్టర్లు తిప్పే చక్రం ఇరుక్కుంది. కరెంటు ఏటేటా తగ్గుతోంది. ఒక్క మార్స్ ఏడాది, అంటే మన 687 రోజులు పనిచేస్తే చాలని పంపిన బండి అది.

అటుపక్క మార్స్ మీదే ఉన్న ఇంకో రోవర్ పర్సెవరెన్స్ రాళ్లు తొలిచి నింపిన ట్యూబుల్లో పది 2023 జనవరి నుంచి నేలమీదే పడున్నాయి. వాటిని భూమికి తెచ్చే ప్రాజెక్టుకు 1100 కోట్ల డాలర్ల దాకా అవుతుందని లెక్క తేలేసరికి అందరూ వెనకాడుతున్నారు. ఇలాంటప్పుడు పాతదాన్ని మేపుతూ కూర్చోవడం దేనికి? సెంటిమెంట్ పక్కన పెట్టి చెప్పండప్పా.

టవర్‌క్లాక్ (అనంతపురం)

సెంటిమెంట్ ఎట్ల పక్కన పెడతామన్నా? 2018లో అంతకుముందటి మార్స్ రోవర్ ఆపర్చునిటీ చివరిగా ‘బ్యాటరీ అయిపోతోంది, చీకటి పడుతోంది’ అని పంపిందని చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అది దుమ్ము తుఫానులో పోయింది, సరే. నడుస్తున్నదాన్ని మనమే ఆపేయడమేంటి?

ఓర్వకల్లు సోలార్ (కర్నూలు)

తమ్ముడూ, ఆ మాట రోవర్ అనలేదు. 2018 జూన్ 10న అది పంపినవి అంకెలు. వాటి భావం ఇదీ అని ఒక విలేకరి రాస్తే అదే రోవర్ మాటగా ఊరంతా తిరిగింది.

నేను ఇక్కడి సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగించే పని చూస్తాను, అందుకని నాకు ఆ అంకెలే ఎక్కువ బాధ పెట్టాయి. ఆ రోజు మొత్తం మీద దాని సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చిన కరెంటు 22 వాట్-అవర్లు. అంతకు కొన్ని రోజుల ముందు దాకా వందల్లో వచ్చేది. మా దగ్గర కొన్నాళ్లు కడగకపోతే దుమ్ము పేరుకుని యూనిట్లు పడిపోతాయి, ట్యాంకరు తెప్పించి బ్రష్షులతో రుద్దిస్తాం. అక్కడ గాలే వచ్చి ఊడ్చాలి. చాలాసార్లు ఊడ్చింది కూడా. చలికాలంలో ఎండ తగిలే వాలు వెతికి బండిని దాని మీద నిలబెట్టేవాళ్లు. అలా 90 మార్స్ రోజులకని పంపింది పద్నాలుగేళ్లు పనిచేసింది.

గట్టు గారూ, మీ ప్రశ్నకు జవాబు కూడా దాని కథలోనే ఉంది. 2015 ఫిబ్రవరిలో వచ్చిన బడ్జెట్ ప్రతిపాదనలో మరుసటి ఏడాదికి ఆపర్చునిటీ పేరు మీద సున్నా పెట్టారు. మార్చి 24కు అది 42.195 కి.మీ., అంటే మారథాన్ పరుగు దూరం, దాటేసింది. అప్పటిదాకా భూమి బయట ఏ బండీ అంత దూరం పోలేదు. సున్నా మాట వెనక్కి పోయింది, ఇంకో మూడేళ్లు నడిచింది. తుఫాను తర్వాత కూడా ఎనిమిది నెలలు వెయ్యికి పైగా కమాండ్లు పంపి చూసి, ఉలుకూ పలుకూ లేకపోతే 2019 ఫిబ్రవరి 13న చాలించారు. ఆపితే అట్ల ఆపాలి.

క్యూరియాసిటీకి ఈ దుమ్ము బాధ లేదు. 4.8 కిలోల ప్లుటోనియం డయాక్సైడ్ వేడి నుంచి కరెంటు తీసుకుంటుంది. కొత్తలో 110 వాట్లు. ప్లుటోనియం సగానికి తగ్గాలంటే సుమారు 88 ఏళ్లు, కాకపోతే వేడిని కరెంటుగా మార్చే భాగాలు కూడా అరుగుతాయి. అందుకని ఇప్పుడు నడుస్తూనే డేటా పంపడం, పని తొందరగా అయితే తొందరగా పడుకోవడం అలవాటు చేశారు. ముసలిదే, కానీ పొదుపు నేర్చుకున్న ముసలిది.

కేసీ కెనాల్ గట్టు

అన్నా, మారథాన్ రికార్డు సైన్సు కాదు. 2014లో నాసా తన పాత మిషన్లన్నిటి మీద సమీక్ష చేయించింది. అందులో క్యూరియాసిటీకే గట్టిగా అక్షింతలు పడ్డాయి. వచ్చే రెండేళ్లలో మొత్తం ఎనిమిది నమూనాలే తీస్తామని వాళ్లు రాసుకొచ్చారు. 250 కోట్ల డాలర్లు పెట్టిన మిషన్‌కు ఈ పంట చాలదని సమీక్షకులు మొహం మీదే చెప్పారు. ఆపర్చునిటీకి అంతకంటే మంచి మార్కులు వచ్చాయి. నేను చెప్పేది కొత్త మాటేం కాదు.

తాడిపత్రి బండ (అనంతపురం జిల్లా)

మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. రాయి మాట వచ్చింది కాబట్టి మధ్యలో దూరుతున్నా.

గనిలో మేం పైనుంచి కిందికి పోతాం. పై మట్టి తీసి, పొర సందులో గడ్డపార దించి ఎత్తితే బండ లేస్తుంది. దాని కింద ఇంకోటి. దిగేకొద్దీ పాత రాయి. క్యూరియాసిటీ ఇదే పని కిందనుంచి పైకి చేస్తోంది. గేల్ క్రేటర్ మధ్యలో అది ఎక్కుతున్న షార్ప్ కొండ ఐదు కిలోమీటర్ల ఎత్తు. అడుగున బంకమట్టి గట్టిపడిన రాళ్లు, పైకి సల్ఫేట్లు, నీళ్లు ఆవిరైతే మిగిలే లవణాలు. అంటే నీళ్లు బాగా ఉన్న కాలం నుంచి నీళ్లు ఇంకిపోయిన కాలానికి ఎక్కుతోంది. రేపు ఇంకో రోవర్‌ను పంపినా దిగడానికి చదునైన నేల కావాలి కాబట్టి ముందు అడుగునే దించాలి. ఇది ఎక్కినంత ఎక్కడానికి మళ్లీ పదేళ్లు.

మీరు డ్రిల్లు మూలబడింది అన్నారు. అదెట్ల బాగైందో చూడండి. ఆ డ్రిల్లుకు అటూ ఇటూ రెండు కాళ్లుంటాయి. అవి రాయి మీద ఆనించి, మధ్యలో బిట్టును ఒక మోటారు ముందుకు తోస్తుంది. 2016 డిసెంబరులో ఆ తోసే మోటారు మొండికేసింది. వీళ్లు బిట్టును బయటికి చాచి అట్లే వదిలేసి, చెయ్యి మొత్తంతో రాయికి అదమడం మొదలుపెట్టారు. కాళ్ల ఆసరా లేకుండా అదిమితే బిట్టు పక్కకు జారుతుంది, ఇరుక్కుంటే విరుగుతుంది. మా దగ్గర చేతిలో మిషన్ ఉండి, కళ్ల ముందు రాయి ఉండి కూడా బిట్లు విరుగుతాయి. వాళ్లు ఏడాదిన్నర భూమి మీద ప్రాక్టీసు చేసి 2018 మేలో ఐదు సెంటీమీటర్ల గుంత తొలిచారు.

అట్ల బాగైన డ్రిల్లుతో 2022, 2023లో తీసిన పొడిలో, అంటే దిగి పదేళ్లు నిండాక, సిడరైట్ దొరికింది. ఇనుప కార్బొనేట్. మూడు గుంతల్లో బరువులో సుమారు 5 నుంచి 10 శాతం దాకా. 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఇది ఎందుకు పెద్ద సంగతంటే, ఒకప్పుడు మార్స్‌కు మందంగా గాలి ఉండేదని, అది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ అని శాస్త్రవేత్తలు అంటారు. ఆ గాలి ఎటు పోయినట్టు? కొంతైనా రాయిగా మారి ఉండాలి. మేం కోసే సున్నపురాయి కూడా కార్బొనేటే, గాలిలోది నీళ్లలో కలిసి రాయైందే. పైనుంచి ఉపగ్రహాలు ఎంత వెతికినా అక్కడ అలాంటి రాయి కావాల్సినంత కనబడలేదు. సల్ఫేట్ల మధ్య దాక్కుని ఉన్నది తొలిస్తే గానీ బయటపడలేదు. 2014 సమీక్ష తర్వాతే మూసేసి ఉంటే ఆ పొర దాకా ఎక్కేదే కాదు.

టవర్‌క్లాక్

దీనికి తోడు 2024 మే 30న చక్రం కింద నలిగిన రాయిలో పచ్చటి స్వచ్ఛమైన గంధకం బయటపడింది. డ్రిల్లు కూడా అక్కర్లేకపోయింది.

కేసీ కెనాల్ గట్టు

గంధకం అదృష్టం తమ్ముడూ. రాయి మీదికెక్కితే నలిగింది. అదృష్టానికి బడ్జెట్ రాయరు.

తాడిపత్రి అన్న చెప్పింది వేరు. కొండెక్కడానికి పట్టిన కాలాన్ని కొత్త రోవర్‌తో కొనలేం అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ట్యూబుల మాట ఎవరూ ఎత్తడం లేదు.

దేవుని కడప (కడప)

నేనెత్తుతాను. 1100 కోట్ల డాలర్లకు ఈ రోవర్ మీద మిగిలేది ఏ మూలకు వస్తుంది సార్? ఆ ప్రాజెక్టు ఆగింది దాని సొంత బరువుకు. క్యూరియాసిటీని ఆపితే ఆ డబ్బు నేరుగా ట్యూబులకు పోతుందని రాసిచ్చేవాళ్లు ఎవరు? ఆఫీసుల్లో ఒక పద్దు కొట్టేస్తే అది గాల్లో కలిసిపోవడమే నేను చూశాను.

ఇంకోటి, పోయేది మనుషులు. నాసా రోవర్లు నడిపే జేపీఎల్ ల్యాబు 2024 ఫిబ్రవరిలోనే సుమారు 530 మందిని తీసేసింది. ఇసకలో ఏ చక్రం ఎప్పుడు జారుతుందో తెలిసిన వాళ్లు ఒకసారి చెదిరితే, రేపు కొత్త బండి వచ్చినా మళ్లీ ఓనమాలు దిద్దాలి.

మన దగ్గరైతే ప్రజ్ఞాన్ 2023లో ఒక్క చంద్రుడి పగలు పనిచేసి సుమారు వంద మీటర్లు నడిచి నిద్రపోయింది. మళ్లీ లేస్తుందేమోనని ఎంతమంది ఎదురుచూశాం! లేచి ఉంటే, అనుకున్న పనైపోయింది కదా ఆపేయండి అని ఇక్కడ ఒక్కరైనా అనేవాళ్లా?

కేసీ కెనాల్ గట్టు

ప్రజ్ఞాన్ మనది, అందుకని అనం. అది మళ్లీ సెంటిమెంటే సార్.

సరే, నా షరతు చెబుతా. డ్రిల్లు ఆడుతూ, బండి పైకి ఎక్కుతున్నన్నాళ్లూ నడపనీండి. 2025లో చేరిన ఆ గట్ల వల ఉంది కదా, భూగర్భ జలం ఖనిజాలు నింపి గట్టిపరిచిందంటున్న బాక్స్‌వర్క్, దాన్ని తొలవాల్సిందే. డ్రిల్లు పోయినా, ఎక్కలేకపోయినా ఆ రోజే ఆపేయాలి. కదలని బండికి టీం దేనికి?

ఓర్వకల్లు సోలార్

కదలకపోయినా వాతావరణ పరికరం ఉంది, రేడియేషన్ కొలిచేది ఉంది. మనుషులను పంపాలంటే ఆ లెక్కలు ఏళ్ల తరబడి కావాలి. మా ప్లాంటులో సగం ప్యానెళ్లు ఆగినా ఎండ కొలిచే మీటరు ఆపరు.

కేసీ కెనాల్ గట్టు

మీటరు చూసుకోవడానికి నలుగురు చాలన్నా. నలుగురినీ ఉంచుకోమనండి, నాకు అభ్యంతరం లేదు.