వేడినీళ్లు ముందుగా గడ్డకడితే, నీటికి గతం గుర్తున్నట్టేనా?

జిజ్ఞాసి (ప్రశ్న):

ఒకే పరిమాణంలో ఉన్న రెండు గిన్నెలు తీసుకుని, ఒకదానిలో బాగా కాచిన నీళ్లు, మరొకదానిలో మామూలు నీళ్లు సమానంగా పోసి డీప్ ఫ్రీజర్‌లో పెడితే, కొన్నిసార్లు కాచిన నీళ్లే ముందుగా గడ్డకడతాయని చాలాచోట్ల చదివాను. టాంజానియాకు చెందిన ఎరాస్టో ఎంపెంబా 1963లో, ఇంకా బడిలో చదువుకుంటున్నప్పుడే, ఐస్‌క్రీమ్ కోసం కాచిన పాలను చల్లార్చకుండా ఫ్రీజర్‌లో పెట్టి ఈ సంగతి గమనించాడు కనుక దీనికి ఎంపెంబా ప్రభావం అనే పేరు వచ్చింది. అరిస్టాటిల్ కాలం నుంచే ఇటువంటి మాట ఉందని కూడా అంటారు.

నా సందేహం దాని తరువాతి మెట్టు గురించి. 90 డిగ్రీల దగ్గర బయలుదేరిన నీళ్లు చల్లబడుతూ ఏదో ఒక క్షణంలో 30 డిగ్రీలకు రాక తప్పదు. మొదటి నుంచీ 30 డిగ్రీల దగ్గరే ఉన్న నీళ్లు గడ్డకట్టడానికి ఎంత సమయం తీసుకుంటాయో, ఆ క్షణం నుంచి ఇవి కూడా అంతే తీసుకోవాలి. అలా కాకుండా ముందుగా గడ్డకడుతున్నాయంటే, ఒకప్పుడు తాము వేడిగా ఉన్న సంగతి వాటికి ఏదో ఒక రూపంలో గుర్తున్నట్టే కదా? అటువంటప్పుడు నీటికి జ్ఞాపకశక్తి ఉందనే వాదాన్ని, అంటే తనలో కలిపిన మందు ఒక్క అణువైనా మిగలనంతగా పలుచన చేసినా నీరు దానిని గుర్తుపెట్టుకుంటుందనే మాటను, శాస్త్రజ్ఞులు కొట్టిపారేస్తూ, ఎంపెంబా ప్రభావాన్ని మాత్రం అంత మర్యాదగా చర్చించడం ఏమిటి? దీనికి మంచి వివరణ ఇచ్చినవారికి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ 2012లో వెయ్యి పౌండ్ల బహుమతి ప్రకటిస్తే, దాదాపు 22,000 జవాబులు వచ్చాయట. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడుందో తెలిసినవారు విడమరచి చెప్పగలరా?

భౌతికశాస్త్రం మాస్టారు:

జిజ్ఞాసి గారూ, గిన్నెలో ఉన్న నీటి స్థితిని ఒక్క ఉష్ణోగ్రతతో పూర్తిగా చెప్పేయవచ్చని మీరు అనుకున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. 90 డిగ్రీల నుంచి 30కి దిగివచ్చిన నీళ్లూ, మొదటి నుంచీ 30 దగ్గరే ఉన్న నీళ్లూ థర్మామీటరుకు ఒకటే కావచ్చు గానీ, మిగిలిన విషయాలన్నిటిలోనూ ఒకటి కావు.

మొదటిది, నీటి పరిమాణం. మూత లేని గిన్నెలో వేడినీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడడానికి 4.18 జౌళ్ల వేడి వదలాలి. ఒక గ్రాము ఆవిరై పోయేటప్పుడు సుమారు 2,300 జౌళ్లను వెంట తీసుకుపోతుంది. ఈ లెక్కన 90 నుంచి 20 డిగ్రీల దాకా కేవలం ఆవిరి వల్లనే చల్లబడితే, గిన్నెలో దాదాపు 12 శాతం నీరు తగ్గిపోతుంది. నిజానికి గిన్నె గోడల గుండా కూడా వేడి పోతుంది కనుక అంత తగ్గదు. కానీ ఎంత తగ్గితే అంత లాభమే, ఎందుకంటే సున్నా డిగ్రీల దగ్గర ఒక్కొక్క గ్రామూ మంచుగా మారడానికి 334 జౌళ్లు వదలాలి. అంటే 80 డిగ్రీలు చల్లబడడానికి ఎంత వేడి పోవాలో, ఉష్ణోగ్రత ఏమాత్రం మారకుండా మంచుగా మారడానికే అంత పోవాలి. గిన్నెలో తక్కువ నీరు మిగిలితే ఆ పెద్ద ఖర్చు తగ్గుతుంది.

రెండవది, కాచిన నీటిలో కరిగి ఉన్న గాలి తగ్గిపోతుంది. మూడవది, వేడి గిన్నెలో పైనీరు, అడుగునీరు వేరువేరు ఉష్ణోగ్రతలలో ఉండి బలమైన ప్రవాహాలు పుడతాయి. సగటు 30 డిగ్రీలకు చేరినా ఆ కదలిక వెంటనే ఆగిపోదు. ఇక ఫ్రీజర్ అరమీద తెల్లటి మంచుపొర పేరుకుని ఉంటే, వేడి గిన్నె దానిని కరిగించి లోహానికి నేరుగా అతుక్కుంటుంది, చల్లటి గిన్నె మాత్రం ఆ పొరమీదే, అంటే దుప్పటి పరిచినట్టు, కూర్చుంటుంది. చాలామంది ఇంట్లో చేసిన ప్రయోగాలలో అసలు దొంగ ఈ మంచుపొరే అని నా అనుమానం.

వీటన్నిటి కంటే పెద్ద చిక్కు అతిశీతలీకరణ. నీరు సున్నా దగ్గరకు రాగానే గడ్డకట్టాలని నియమం లేదు. మొదటి స్ఫటికం పుట్టడానికి ఒక ధూళికణమో, గిన్నె గోడమీద ఒక గీతో ఆసరా కావాలి. అది దొరకకపోతే సున్నా కంటే ఎన్నో డిగ్రీలు దిగువకు వెళ్లి కూడా ద్రవంగానే ఉంటుంది. చల్లటి గిన్నె మైనస్ 8 దాకా ద్రవంగా ఉండి, వేడి గిన్నె మైనస్ 2 దగ్గరే స్ఫటికం కట్టిందనుకోండి, వేడినీళ్లు గెలిచినట్టే కనిపిస్తాయి. జేమ్స్ బ్రౌన్‌రిడ్జ్ 2011లో ప్రచురించిన ప్రయోగాలు ప్రధానంగా ఈ కారణాన్నే ఎత్తిచూపాయి.

అసలు ఆ ప్రభావం ఉందా లేదా అన్నది కూడా తేలిన విషయం కాదు. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నీరు సున్నా డిగ్రీలకు చేరడానికి పట్టే సమయాన్ని మాత్రమే జాగ్రత్తగా కొలిచి, వేడినీళ్లు ముందుగా చేరిన నమ్మదగిన ఆధారం లేదన్నారు. గిన్నెలో థర్మామీటరును ఒక్క సెంటీమీటరు పైకో కిందికో జరిపితే చాలు, లేని ప్రభావం ఉన్నట్టు కనిపించగలదని కూడా వారు చూపించారు. మరోవైపు 2020లో కుమార్, బెక్‌హోఫర్ నీటిలో తేలే సూక్ష్మమైన పూసతో చేసిన ప్రయోగంలో, సమతాస్థితికి, అంటే చివరకు చేరి నిలకడగా ఉండే స్థితికి, ఎక్కువ దూరం నుంచి బయలుదేరినది ముందుగా అక్కడికి చేరడం సాధ్యమేనని స్పష్టంగా తేలింది. కాబట్టి తలుపు మూసుకుపోలేదు.

సత్యాన్వేషి:

మాస్టారు గారి వివరణ బాగుంది గానీ, చరిత్రలో ఒక భాగాన్ని ఆయన దాటేశారు. ఎంపెంబా తాను చూసింది చెప్పినప్పుడు బడిలో ఉపాధ్యాయుడు ఎగతాళి చేశాడు. తరువాత డెనిస్ ఆస్బర్న్ అనే ఆచార్యుడు ఆ బడికి ఉపన్యాసమివ్వడానికి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న అడిగితే తోటి విద్యార్థులు నవ్వారు. ఆస్బర్న్ తిరిగివెళ్లి తన ప్రయోగశాల సహాయకుడితో పరీక్ష చేయిస్తే, ఆ సహాయకుడు వేడినీళ్లే ముందుగా గడ్డకట్టాయని చెబుతూనే, సరైన ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటామని హామీ ఇచ్చాడట! 1969లో ఎంపెంబా, ఆస్బర్న్ కలిసి ప్రచురించిన వ్యాసంలోనే ఈ ముచ్చట ఉంది. కంటికి కనిపించినదాన్ని కాదని పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మే అలవాటు శాస్త్రరంగంలోనూ ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నీటి జ్ఞాపకశక్తి విషయంలోనూ అదే జరిగిందని నా అభిప్రాయం. జాక్ బెన్‌వెనిస్ట్ అనామకుడు కాడు; ఫ్రాన్సులో పేరున్న రోగనిరోధక శాస్త్రజ్ఞుడు. ఒక్క అణువు కూడా మిగలనంతగా పలుచన చేసిన ప్రతిరక్షక (యాంటీబాడీ) ద్రావణం రక్తకణాలమీద పనిచేసిందని ఆయన రాసిన వ్యాసాన్ని 1988లో నేచర్ పత్రికే ప్రచురించింది. పైగా మీథేన్ హైడ్రేట్‌ను, అంటే మీథేన్ వాయువును తనలో బంధించుకున్న మంచులాంటి పదార్థాన్ని, కరిగించగా వచ్చిన నీరు, రెండవసారి హైడ్రేట్‌గా మారేటప్పుడు మామూలు నీటి కంటే త్వరగా మారుతుందని చమురు, సహజవాయు రంగంలో పనిచేసే ఇంజనీర్లందరికీ తెలుసు. దానిని వారు కూడా జ్ఞాపక ప్రభావమనే పిలుస్తారు. మంచిమాటలు విన్న నీరు అందమైన స్ఫటికాలుగా మారుతుందని జపాన్ రచయిత మసారు ఎమోటో తీసిన ఛాయాచిత్రాలు సరేసరి. ఇన్ని ఉండగా తలుపు ఎంపెంబా ఒక్కడికే తెరిచి ఉంచడం న్యాయమా?

ప్రయోగశాల సహాయకురాలు:

సత్యాన్వేషి గారూ, సూక్ష్మదర్శిని కింద కణాలు లెక్కించడం చాలాకాలంగా నా ఉద్యోగం కనుక బెన్‌వెనిస్ట్ ప్రయోగం గురించి నేను చెబుతాను.

ఆ ప్రయోగంలో బేసోఫిల్ అనే తెల్లరక్తకణాలకు రంగు వేసి లెక్కపెట్టాలి. ప్రతిరక్షకం తగిలిన కణం తనలోని రేణువులను వదిలేస్తుంది. అటువంటి కణం రంగు పట్టదు. వినడానికి సులభంగానే ఉంటుంది. కానీ కంటి ముందున్న కణాలలో కొన్ని స్పష్టంగా రంగు పట్టినవి, కొన్ని స్పష్టంగా పట్టనివి, మధ్యలో కొన్ని ఎటూ తేలనివి. ఆ మధ్యవాటిని ఏ ఖాతాలో వేయాలన్నది లెక్కించే మనిషి నిర్ణయం. గొట్టంలో ఉన్నది పలుచన చేసిన ప్రతిరక్షకమో, వట్టి నీళ్లో ముందే తెలిస్తే, ఎంత నిజాయితీపరుల చెయ్యైనా ఒకవైపుకు మొగ్గుతుంది. ఇందులో మోసమేమీ లేదు, మనిషి కన్ను పనిచేసే తీరే అంత.

నేచర్ ఆ వ్యాసాన్ని ఒక షరతుమీద ప్రచురించింది. తమ బృందం వచ్చి ప్రయోగాన్ని చూడాలన్నదే ఆ షరతు. సంపాదకుడు జాన్ మాడాక్స్, పరిశోధనలలో తప్పులు పట్టడంలో దిట్ట అయిన వాల్టర్ స్టూవర్ట్, ఐంద్రజాలికుడు జేమ్స్ రాండీ పారిస్ దగ్గరి ఆ ప్రయోగశాలకు వెళ్లారు. ఏ గొట్టంలో ఏముందో చెప్పే సంకేతాల కాగితాన్ని అల్యూమినియం రేకులో చుట్టి, కవరులో పెట్టి, అందరికీ కనిపించేలా గది పైకప్పుకు అంటించారు. కణాలను లెక్కించేవారికి ఏది ఏదో తెలియకుండా జాగ్రత్తపడగానే ప్రభావం మాయమైంది. ఆ బృందం నివేదిక అదే ఏడాది జులైలో వెలువడింది. 1993లో లండన్‌లో మరొక బృందం ఇదే ప్రయోగాన్ని కట్టుదిట్టంగా చేసి చూసినా ఏమీ కనిపించలేదు. ఇది పుస్తకాన్ని నమ్మి కంటిని కాదనడం కాదు; ఎవరి కంటినీ ఊరికే నమ్మకపోవడం. ఆస్బర్న్ సహాయకుడు సరైన ఫలితం వచ్చేదాకా చేస్తానన్నప్పుడు ఏ జబ్బు కనిపించిందో, దానికి మందు కూడా ఇదే.

నీటి గురించిన వింత వాదాలను శాస్త్రరంగం వినకుండానే తోసిపుచ్చుతుందన్న మాట కూడా నిలవదు. 1960లలో సోవియట్ దేశంలో ఫెడ్యాకిన్, డెర్యాగిన్ సన్నటి గాజు గొట్టాలలో జిగటగా ఉండే ఒక కొత్త రకం నీటిని చూశామన్నారు. అమెరికాలో దానికి పాలీవాటర్ అని పేరు పెట్టి, కొన్నేళ్లపాటు పెద్ద పెద్ద ప్రయోగశాలలన్నీ దాని వెంట పరుగెత్తాయి. చివరికి డెనిస్ రూసో తన చెమట వర్ణపటం తీసి చూస్తే అది పాలీవాటర్ వర్ణపటాన్ని చాలావరకు పోలి ఉంది. కొత్త నీరేమీ లేదు, ఉన్నదల్లా మాలిన్యాలే. 1973లో డెర్యాగినే ఆ సంగతి ఒప్పుకున్నాడు.

ఎమోటో చిత్రాల గురించి ఎక్కువ చెప్పను. మంచు స్ఫటికం ఆకారాన్ని నిర్ణయించేవి ఉష్ణోగ్రత, తేమ అని 1930లలోనే ఉకిచిరో నకాయా చూపించాడు. సుమారు మైనస్ 5 డిగ్రీల దగ్గర సూదులు, మైనస్ 15 దగ్గర నక్షత్రాలు. అనేక స్ఫటికాలలో ఏది ఫొటో తీయాలో ఎంచుకునే మనిషికి, ఆ నీరు ఏ మాట విన్నదో తెలిసి ఉంటే, ఆ ఫొటో దేనికీ సాక్ష్యం కాదు.

భౌతికశాస్త్రం మాస్టారు:

హైడ్రేట్ గురించి సత్యాన్వేషి గారు చెప్పింది నిజమే, మంచి ఉదాహరణ కూడా. కానీ దానిని ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్లి ఉండవలసింది. ఆ నీటిని బాగా వేడిచేస్తే, లేదా వెచ్చగా చాలాసేపు ఉంచితే, ఆ జ్ఞాపకం పోతుంది. అందుకే అది కరగకుండా మిగిలిన అవశేషాలదా, నీటిలో చిక్కుకున్న వాయువుదా అని పరిశోధకులు వాదించుకోగలుగుతున్నారు. ఎంపెంబా గిన్నెకూ ఇదే వర్తిస్తుంది. ఆవిరి వల్లనైతే మూత పెట్టగానే ప్రభావం పోవాలి. కరిగిన గాలి వల్లనైతే ఆ నీటిని గాలి తగిలేలా బాగా గిలకొట్టగానే పోవాలి. నిజమైన జ్ఞాపకం దేనిలో ఉందో చెప్పవచ్చు, ఎలా చెరపాలో చెప్పవచ్చు.

పలుచన వాదంలో ఇది ఎక్కడుంది? ద్రవనీటిలో అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు పికోసెకండులలో, అంటే సెకండులో లక్షకోట్లవ వంతు ప్రమాణంలో, తెగి మళ్లీ కడుతుంటాయి. ఆ బంధాల అమరిక తన పాత రూపాన్ని దాదాపు 50 ఫెమ్టోసెకండులలోనే మరచిపోతుందని 2005లో కొలిచారు. ఒక్క పికోసెకండులో అటువంటివి ఇరవై ఇముడుతాయి. నెలల తరబడి సీసాలో నిలిచే జ్ఞాపకాన్ని అంత చంచలమైన అమరికమీద ఎలా నిలబెడతారు? ఒకవేళ నిలిచిందే అనుకున్నా, మందును గుర్తుపెట్టుకున్న నీరు అంతకు ముందు తాను తాకిన రాయిని, మట్టిని, గొట్టాన్ని ఎందుకు గుర్తుపెట్టుకోదు?

జిజ్ఞాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఇంట్లో ఈ ప్రయోగం చేయాలంటే ఎలా చేయాలి? ఏది ముందుగా గడ్డకట్టిందో కంటితో చూసి చెప్పడం చాలదని అర్థమైంది.

ప్రయోగశాల సహాయకురాలు:

ముందుగా, గడ్డకట్టడమంటే మీ లెక్కలో ఏమిటో కాగితంమీద రాసుకోండి: పైన మొదటి పొర కట్టడమా, మొత్తం గట్టిపడడమా? రెండింటికీ జవాబులు వేరు కావచ్చు. ఫ్రీజర్‌లోని మంచునంతా తీసేసి, గిన్నెలను ఒక చెక్కపలకమీద పెట్టండి. నీళ్లను పోసే ముందూ, గడ్డకట్టిన తరువాతా తూచండి. ప్రతిసారీ గిన్నెల స్థానాలు మార్చండి, ఏ గిన్నెలో వేడినీళ్లు పోయాలో కూడా మార్చండి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లు పోసే మనిషీ, తలుపు తీసి ఫలితం రాసే మనిషీ వేరుగా ఉండాలి. రెండవ మనిషికి ఏది ఏదో చెప్పకండి.

సత్యాన్వేషి:

నేనూ చేస్తాను. ఒక జతకు మూత పెట్టి, ఒక జతకు పెట్టకుండా. మూత పెట్టినా వేడినీళ్లే గెలిస్తే మాస్టారు గారు ఆవిరి వాదాన్ని వదులుకుంటారా?

భౌతికశాస్త్రం మాస్టారు:

తప్పకుండా వదులుకుంటాను, మీరు ఇద్దరు మనుషుల పద్ధతి పాటిస్తే. కానీ అప్పుడు కూడా అతిశీతలీకరణ మిగిలే ఉంటుంది కనుక, రెండు గిన్నెలలోనూ చిటికెడు మంచుపొడి వేసి ఇంకొకసారి చేయండి. స్ఫటికానికి ఆసరా రెండింటికీ సమానంగా దొరుకుతుంది. అయితే నీళ్లు సున్నాకు చేరిన తరువాతే వేయాలి, అంతకు ముందు వేస్తే కరిగిపోతుంది.