‘సైనైడ్ మింగడంతో ఒళ్లు నీలమైంది’ – ఈ వాక్యం సరైనదేనా?

నేర వార్తల్లో కనిపించే ఇలాంటి వాక్యం సరైనదేనా అని ఒక సభ్యుడు అడిగారు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. విషయం ప్రకారం తప్పే. పైగా ప్రాణాల మీదికి తెచ్చే తప్పు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

విషం అనగానే మనకు నీలం తోస్తుంది. హాలాహలం మింగిన శివుడు నీలకంఠుడయ్యాడు. పాము కరిస్తే ఒళ్లు నీలం తిరిగిందంటారు. సైనైడ్ పేరులోనూ నీలమే ఉంది: గ్రీకులో క్యానోస్ అంటే ముదురు నీలం. అయితే ఆ నీలం రోగి ఒంటిది కాదు, చిత్రకారులు వాడే రంగుది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1782లో ప్రష్యన్ బ్లూ అనే రంగు నుంచి సైనైడ్ ఆమ్లాన్ని (హైడ్రోసైనిక్ ఆమ్లం) రాబట్టాడు. జర్మన్‌లో ఈ ఆమ్లం పేరుకు అర్థం ‘నీలి ఆమ్లం’.

ఒంట్లో జరిగేది దాదాపు దీనికి విరుద్ధం. కణాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైమ్‌ను సైనైడ్ పట్టేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కణాలకు అక్కరకు రాదు. ఖర్చు కాని ఆక్సిజన్ సిరల్లో మిగిలిపోయి అక్కడి రక్తం కూడా ఎర్రగా మెరుస్తుంది. కొందరి చర్మం గులాబి రంగు తేలుతుంది. వేలికి తగిలించే ఆక్సిమీటర్ మామూలు అంకెనే చూపవచ్చు. ఊపిరి ఆగే దశలో నీలం రావచ్చు, కానీ నీలం కోసం ఎదురుచూస్తే చేయి దాటిపోతుంది.

ఎరుపు కూడా అందరిలో కనిపించదు. చేదు బాదం వాసన సంగతీ అంతే, పుట్టుకతోనే ఆ వాసన పసిగట్టలేనివారు చాలామంది ఉన్నారు. అందుకే వైద్యులు ముందు సందర్భం చూస్తారు. ఇల్లు తగలబడినప్పుడు ఫోం పరుపులు, నైలాన్, ఉన్ని కాలిన పొగలో సైనైడ్ ఉంటుంది. బంగారు పూత పనుల్లోనూ వాడతారు. అలాంటి చోట మనిషికి తలనొప్పి, ఆయాసం, తికమక, ఫిట్స్ వచ్చి కుప్పకూలితే, రక్తంలో లాక్టేట్ (కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేనప్పుడు పేరుకునే పదార్థం) విపరీతంగా పెరిగితే, అనుమానం బలపడుతుంది.

‘విరుగుడు లేని విషం’ అన్న మాటనూ వదిలేయాలని నా గట్టి అభిప్రాయం. విరుగుళ్లు ఉన్నాయి. హైడ్రాక్సోకోబాలమిన్ అనే మందులోని కోబాల్ట్ సైనైడ్‌ను పట్టుకుని విటమిన్ బి12గా మారుతుంది, మూత్రంతో బయటికి పోతుంది. పెద్దలకు 5 గ్రాములు సుమారు 15 నిమిషాల్లో నరంలోకి ఎక్కిస్తారు. మందే ఎర్రనిది కావడంతో చర్మం, మూత్రం కొన్నాళ్లు ఎర్రగా ఉంటాయి. సోడియం నైట్రైట్, ఆ వెంటనే సోడియం థయోసల్ఫేట్ ఇచ్చే పద్ధతి 1930ల నుంచీ ఉంది. అయితే నైట్రైట్ రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. పొగ పీల్చినవారి రక్తంలో అప్పటికే ఆ శక్తిని తగ్గించే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి వారికి అది ప్రమాదకరం. వీటన్నిటితో పాటు నూరు శాతం ఆక్సిజన్ పెట్టాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగితే లాభం లేదు.

దగ్గరున్నవారు విషవాయువు ఉన్న చోటికి తొందరపడి వెళ్లకూడదు. బాధితుణ్ని గాలి ఆడే చోటికి తెచ్చాక విషం అంటిన బట్టలు తీసేసి ఒళ్లు నీళ్లతో కడగాలి. నోటితో ఊపిరి ఊదకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

(కింద ఒకరు అడిగారు: ‘కర్రపెండలంలో కూడా సైనైడ్ ఉంటుందట, నిజమేనా?’)

నిజమే. పచ్చి దుంపలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, చేదు రకాల్లో మరీ ఎక్కువ. తొక్క తీసి ముక్కలు కోసి బాగా ఉడికిస్తే మన దగ్గరి తీపి రకాల్లో భయం లేదు. చేదు రకాలకు ఉడకబెట్టడం ఒక్కటే చాలదు, తురమడం, నానబెట్టి పులియబెట్టడం, ఎండబెట్టడం కావాలి. పెద్దాపురం, సామర్లకోట మిల్లుల్లో సగ్గుబియ్యం కోసం దుంపను నలగ్గొట్టి, నీళ్లలో పిండి తేర్చి, ఆరబెడతారు. ఆ నీళ్లతో పాటే విషంలో చాలా భాగం కొట్టుకుపోతుంది. పిల్లలు మాత్రం పచ్చి దుంప కొరకకుండా చూడండి.