తాతగారి లాగ్‌బుక్‌లో అన్నీ టైగర్ మాత్ ఎంట్రీలే, ఎలా చదవాలి?

ప్రశ్న, అల్వాల్ నుంచి:

అందరికీ నమస్కారం. మా తాతగారు 1943లో బేగంపేటలో విమానం నడపడం నేర్చుకున్నారు. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన లాగ్‌బుక్, అంటే ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం, దొరికింది. మొదటిసారి ఒంటరిగా ఎగిరింది ఏ రోజో తెలుసుకోవాలని నాన్న ఆశ. ఆయనకిప్పుడు 74 ఏళ్లు. కానీ పుస్తకంలో ఎక్కడా ఆ మాట రాసి లేదు. విమానం పేరు ప్రతి వరసలో టైగర్ మాత్ అనే ఉంది. పక్కన రెండక్షరాలు, మూడంకెల నంబరు. ఇంకో గడిలో 5, 6, 7, 8 అని అంకెలు. దాదాపు అన్నీ పొద్దున ఆరు, ఏడు గంటలకే. పేజీల మధ్య అరచేతి అంత గుడ్డముక్క ఉంది, గంజి పెట్టినట్టు బిర్రుగా, ఒకవైపు వెండి రంగులో. పుస్తకం పాడవకుండా లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు, విమాన శిక్షకుడిగా రిటైరైన సభ్యుడు:

అమ్మా, ముందు లామినేషన్ ఆలోచన మానుకోండి. ఆ వేడికి పాత సిరా పాడవుతుంది, ఒకసారి చేశాక వెనక్కి తీయలేం. సెల్లోటేపు కూడా వద్దు. ఒక్కో పేజీని కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక అసలు విషయం. 'పైలట్' అనే గడి ఒకటి, దాని పక్కనే 'సెకండ్ పైలట్, ప్యూపిల్ ఆర్ ప్యాసింజర్' అనే గడి ఒకటి ఉంటాయి. నేర్చుకునేటప్పుడు మొదటి గడిలో గురువుగారి పేరు, రెండో గడిలో 'సెల్ఫ్' (అంటే తనే) అని ఉంటుంది. వరస వరసా కిందికి చూస్తూ రండి. ఏ వరసలో 'సెల్ఫ్' ఎడమ వైపు పైలట్ గడిలోకి జరిగిందో అదే మీరు వెతుకుతున్న రోజు. సమయం చాలా తక్కువ ఉంటుంది, ఒక్క చుట్టు తిరిగి దిగడమే కదా. అప్పటికి గురువుతో కలిపి పది గంటలకు అటూ ఇటూగా ఎగిరి ఉంటారు.

ఆ అంకెలు పాఠాల నంబర్లు. తిన్నగా ఎగరడం, ఎక్కడం, మలుపులు, దిగడం, ఇలా వరసగా వస్తాయి. సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి ముందు స్పిన్ తప్పకుండా నేర్పేవాళ్లు. విమానం గిరగిరా తిరుగుతూ పడిపోతుంటే దాన్ని నిలబెట్టడం రాకుండా ఎవరినీ ఒంటరిగా పంపరు. ఎరుపు సిరాతో రాసినవి ఉంటే రాత్రిపూట ఎగిరినవి.

పొద్దున్నే ఎందుకంటే బేగంపేట సముద్రమట్టానికి 1,700 అడుగుల పైనే ఉంది. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది. పైగా నేల వేడికి లేచే గాలి విమానాన్ని ఎగరేసి కుదేస్తుంది. టైగర్ మాత్ ఇంజిన్ 130 గుర్రాల శక్తి మాత్రమే, ఒళ్లంతా తేలిక. కొత్తవాడి చేతికి ఇవ్వాల్సింది చల్లటి గాలిలోనే.

జవాబు, ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒళ్లు, రెక్కలు) పనిచేసిన సభ్యుడు:

ఆ గుడ్డముక్క రెక్కదే అయ్యుంటుంది. నేను పనిలో చేరేనాటికి టైగర్ మాత్‌లు పోయాయి, కానీ ఫ్లయింగ్ క్లబ్బులో పుష్పక్ విమానాలకు ఇదే గుడ్డపని చేశాను. రెక్క లోపలి పక్కటెముకల మీద గుడ్డ కప్పి, మైనం పూసిన దారంతో ఒక్కొక్క ఎముకకూ కుట్టాలి. కుట్టు మీద పట్టీ అంటించి, డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవాన్ని పూత మీద పూత వేయాలి. డోప్ ఆరే కొద్దీ గుడ్డను బిగించేస్తుంది. వేలితో కొడితే డప్పులా మోగాలి, అప్పుడే పని సరిగ్గా కుదిరినట్టు. వెండి రంగు అలంకారం కాదు. అల్యూమినియం పొడి కలిపిన పూత అది, ఎండ గుడ్డను తినేయకుండా కాపాడుతుంది.

జాగ్రత్త ఒకటే. పాత డోప్‌కి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఇస్త్రీ చేయకండి, దీపం దగ్గర పెట్టకండి. పుస్తకంలోంచి తీసి విడిగా తెల్ల కాగితంలో చుట్టండి, లేకపోతే దాని ఆవిరికి పేజీలు పసుపుబారతాయి.

ప్రశ్న, మోడల్ విమానాలు చేసే కుర్రాడు, తార్నాక నుంచి:

సార్, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సోలో వెళ్లేటప్పుడు ముందు సీటు ఖాళీగా వదిలి వెనక కూర్చునేవాళ్లట. నా మోడల్లో బొమ్మను ఎక్కడ పెట్టాలి?

జవాబు, శిక్షకుడు:

వెనకే పెట్టు బాబూ. ముందు సీటు విమానం బరువు కేంద్రానికి దగ్గర. అక్కడ మనిషి ఉన్నా లేకపోయినా తూకం పెద్దగా మారదు. గురువు ముందు, శిష్యుడు వెనక. ఇద్దరి మధ్య మాటలకు రబ్బరు గొట్టం, వైర్‌లెస్ లేదు. బ్రేకులు లేవు, తోక కింద చక్రానికి బదులు ఇనుప ముక్క లాంటిది నేలను గీరుకుంటూ ఆపుతుంది. పెట్రోలు ట్యాంకు పై రెక్క నడుమ ఉంటుంది, పంపు లేకుండా తనంతట తనే కిందికి దిగుతుంది. స్టార్టరూ లేదు. ఒకాయన ముందు నిలబడి ప్రొపెల్లరును చేత్తో తిప్పాలి. కాక్‌పిట్‌లోంచి 'కాంటాక్ట్' (ఇగ్నిషన్ వేశాం) అని వినబడ్డాకే గట్టిగా లాగి వెంటనే వెనక్కి జరగాలి. వేళ్లు ఎప్పుడూ ప్రొపెల్లరు రెక్క అంచును చుట్టి పట్టుకోకూడదు.

1931లో మొదటిసారి ఎగిరిన ఈ విమానాలు ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. బర్మా యుద్ధంలో కొన్నింటికి వీపు తెరిచి స్ట్రెచర్ పట్టేలా మార్చి గాయపడినవాళ్లను మోశారు. మన దగ్గర 1950లలో బెంగళూరు విమాన కంపెనీ హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం వచ్చాక వీటి పని తగ్గిపోయింది. నాకు మాత్రం వీటిలో గొప్పగా అనిపించేది ఒకటే, తప్పు చేస్తే వెంటనే తెలిసేలా చెబుతుంది, కానీ దిద్దుకోవడానికి టైమిస్తుంది.

అల్వాల్ నుంచి:

దొరికింది సార్! 'సెల్ఫ్' ఎడమ గడిలోకి వచ్చింది, ఎదురుగా పది నిమిషాలు. నాన్న భూతద్దం పెట్టి మూడుసార్లు చదివారు. ఒక్క సందేహం. అదే రోజు కింది వరసలో మళ్లీ గురువుగారి పేరే ఉంది. తాతగారు సరిగా దిగలేదా?

శిక్షకుడు:

అయ్యో, అలా కాదమ్మా. సరిగా దిగారు కాబట్టే తర్వాతి పాఠం మొదలుపెట్టారు. ఆ వరసలో పాఠం నంబరు పెరిగిందో లేదో చూడండి. పెరిగి ఉంటే నాన్నగారికి అది కూడా చూపించండి.