ఫెడరల్ కోర్టు వేసిన శిక్ష మీద అప్పీల్‌కి వెళ్లినవాళ్లు ఉన్నారా?

ఖమ్మం_అక్క:
మా తమ్ముడికి పోయిన గురువారం టెక్సాస్‌లో ఫెడరల్ జడ్జి 46 నెలలు వేశారు. వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటి వాటి ద్వారా మోసం) కేసు, నేరం ఒప్పుకున్నాడు. ఎన్ని నెలలు వేయొచ్చో చూపే శిక్షల గైడ్‌లైన్స్ లెక్కలో 41–51 నెలల రేంజ్ వచ్చింది, మధ్యలో వేశారు. ఊళ్లో నాన్న రోజూ ఫోన్ చేసి "పై కోర్టుకెళ్తే తగ్గిస్తారు కదమ్మా, మన హైకోర్టులో తగ్గించట్లేదా" అంటున్నారు. ఏం చెప్పాలో తెలియట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మిషిగన్_బాబాయ్:
అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు తేదీ చూసుకో. తీర్పు రికార్డులోకి ఎక్కిన రోజు నుంచి 14 రోజుల్లో అప్పీల్ నోటీసు పడాలి. చిన్న కాగితమే, శిక్ష వేసిన కోర్టులోనే ఇస్తారు. వేయమని లాయర్‌కు తమ్ముడే రాసి ఇవ్వాలి. వేయమన్నా లాయర్ వేయకపోతే పోయిన అప్పీల్ తిరిగి తెచ్చుకునే దారి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 2019లో గార్జా కేసులో చెప్పింది. కానీ అంతదాకా రానివ్వొద్దు.

న్యూజెర్సీ_వదిన:
మేం ఓడిపోయాం. "60 నెలలు చాలా ఎక్కువ" అన్న ఒక్క మాట మీదే మా ఆయన అప్పీల్ నడిచింది. ముగ్గురు జడ్జీలు కాగితాలు చూసి, నోటి వాదనలు వినకుండానే పదకొండు నెలలకు కొట్టేశారు. అప్పుడు అర్థమైంది, తామైతే ఎంత వేసేవాళ్లమని వాళ్లు ఆలోచించరు. 2007 నాటి గాల్ తీర్పు ప్రకారం ముందు పద్ధతి చూస్తారు: రేంజ్ లెక్క తప్పిందా, జడ్జి కారణాలు చెప్పారా. అది సరిగ్గా ఉంటే అప్పుడు శిక్ష సబబేనా అని చూస్తారు. 2005లో బూకర్ తీర్పు వచ్చాక గైడ్‌లైన్స్ సలహా మాత్రమే. అయినా రేంజ్ లోపల వేసిన శిక్ష సబబేనన్న దగ్గర నుంచే టెక్సాస్ అప్పీళ్లు వినే 5వ సర్క్యూట్ కోర్టు మొదలుపెడుతుంది. కాదని చూపించాల్సింది మనమే. దయచేసి "ఎక్కువ" అన్న వాదన ఒక్కటే పట్టుకుని వెళ్లకండి.

ఫీనిక్స్_తమ్ముడు:
అక్కా, మా కజిన్ అప్పీల్ గెలిచాడు. తను ఆ వ్యవహారంలోకి రాకముందు పోయిన డబ్బు కూడా తన లెక్కలో కలిపేశారు. నష్టం 5,50,000 డాలర్లు దాటి గైడ్‌లైన్స్‌లో నేర తీవ్రత లెక్క రెండు లెవెల్స్ పెరిగింది, దాంతో రేంజ్ కూడా పెరిగింది. హియరింగ్‌లో జడ్జి ప్రీసెంటెన్స్ రిపోర్ట్ (శిక్షకు ముందు ప్రొబేషన్ అధికారి కోర్టుకు ఇచ్చే నివేదిక) పేరాలు చకచకా దాటేస్తుంటే లాయర్ లేచి "31వ పేరా మీద మా అభ్యంతరం అలాగే ఉంది" అన్నారు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే కోర్టులో అన్న మాటల రికార్డులో, ఒకే ఒక్క లైను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ మాట అనకపోయి ఉంటే "ప్లెయిన్ ఎర్రర్" అనే చాలా కఠినమైన పరీక్ష దాటాల్సి వచ్చేది. పై కోర్టు తానే తగ్గించలేదు, శిక్ష రద్దు చేసి వెనక్కి పంపింది. రేంజ్ 33–41కి దిగింది, కింది జడ్జి 36 వేశారు. జైల్లో చేసిన కోర్సుల సర్టిఫికెట్లు కూడా పెట్టాం. మళ్లీ శిక్ష వేసేటప్పుడు అవి చూడొచ్చని 2011లో పెప్పర్ తీర్పు ఉంది.

ఖమ్మం_అక్క:
నేరం ఒప్పుకుంటూ ప్రభుత్వంతో చేసుకున్న ప్లీ ఒప్పందం 9వ పేజీలో అప్పీల్ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం ఉంది. ఇప్పుడే చూశాను, చేతులాడట్లేదు. పైగా, అప్పీల్ చేస్తే శిక్ష పెంచుతారా?

మిషిగన్_బాబాయ్:
చాలా ఒప్పందాల్లో ఉంటుందమ్మా. మినహాయింపులూ ఉంటాయి: శిక్ష చట్టంలోని గరిష్ఠాన్ని దాటడం, లాయర్ సరిగ్గా వాదించకపోవడం లాంటివి. ఆ పేరా ప్రతి అక్షరం చదివించుకో. అప్పీల్ వేస్తే ఒప్పందం మీరినట్టు అవుతుందా, ఇచ్చిన రాయితీలు ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుందా అని లాయర్‌ను సూటిగా అడుగు. పెంచడం సంగతికొస్తే, ప్రభుత్వం కూడా అప్పీల్ వేయకుండా పై కోర్టు తనంతట తాను పెంచకూడదు. 2008 గ్రీన్‌లా తీర్పు అదే.

న్యూజెర్సీ_వదిన:
తమ్ముడు వీసా మీద ఉన్నాడా? ఫ్రాడ్‌లో నష్టం 10,000 డాలర్లు దాటితే డిపోర్టేషన్ ముప్పు ఉంటుంది, నెలలు తగ్గినా ఆ చిక్కు పోదు. మాకిది ఎవరూ చెప్పలేదు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను విడిగా కలవండి.

ఖమ్మం_అక్క:
హెచ్1బీ వదినా. రేపే కలుస్తాను. తమ్ముడితో మాట్లాడాను, నోటీసు వేయమని లాయర్‌కు రాసి ఇచ్చాడు. ట్రాన్స్‌క్రిప్ట్ కూడా తెప్పించమన్నాను. వాడి రిపోర్టులో బాధితుల సంఖ్య మీద రెండు లెవెల్స్ కలిపారు. దాని మీద లాయర్ నోరు విప్పారో లేదో ముందు అదే చూడాలి. నాన్నకు మాత్రం ఏడాది పట్టొచ్చని చెప్పాను.