17 గెలుపులు, 65 ఓటములు: యూటా జాజ్ కుర్రాళ్లలో ఎవరిని ఉంచాలి?

మార్నింగ్_మ్యాచ్:
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మన జట్టు యూటా జాజ్‌కు 2024-25 సీజన్ అయిపోయింది. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ (ఒక్కో వంతు ఒక పిక్), అందులో ముందు వంతులు ఎవరివో తేల్చే లాటరీ కూడా అయిపోయాయి, ఏస్ బెయిలీ వచ్చాడు. సెక్స్‌టన్, క్లార్క్‌సన్, కాలిన్స్ ముగ్గురూ వెళ్లిపోయారు. అక్టోబర్ లోపు మనమంతా ఒక లెక్కకు వద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అడిగేవి మూడే. ఆట నడిపే గార్డ్‌లు కీయాంటే జార్జ్, ఐజయా కోలియర్ ఇద్దరిలో బంతి ఎవరి చేతిలో ఉండాలి? సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) వాకర్ కెస్లర్‌కు ఇప్పుడే కాంట్రాక్ట్ పొడిగించాలా? కోడీ విలియమ్స్‌కు ఇంకో ఏడాది ఇవ్వాలా? ఆట చూసినవాళ్లు రాయండి, స్కోర్ మాత్రమే చూసి వద్దు.

ఈ ఏడాది కొత్తగా చూడబోయేవాళ్లకు ఒక మాట. సాల్ట్ లేక్‌లో రాత్రి 7కి మొదలయ్యే మ్యాచ్ అక్టోబర్‌లో మనకు ఉదయం 6:30కి వస్తుంది. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పటినుంచి మార్చి దాకా 7:30.

చాదర్‌ఘాట్_గార్డ్:
ఎవర్ని ఉంచాలె అన్నది తర్వాత మాట అన్నా. ముందుగాల లాటరీ సంగతి మాట్లాడాలె. క్లబ్ చరిత్రల ఇంత చెత్త సీజన్ లేదు, లీగ్ మొత్తంల ఆఖరి స్థానం, దక్కింది ఐదో పిక్. లాటరీల తీసేది మొదటి నాలుగు పిక్‌లు, ఒక్కో పిక్‌కు మనకు 14 శాతం, నాలుగు కలిపితే 56. సగానికి మించి ఛాన్స్ ఉండి పోయింది. 39 మ్యాచ్‌లు గెలిచిన డాలస్‌కు 1.8 శాతంతోని మొదటి పిక్ వచ్చి కూపర్ ఫ్లాగ్ దొరికిండు. మే 13 పొద్దుగాల నాలుగున్నరకు లేసి చూసినోళ్లకు కడుపు మండదా?

జెడ్‌స్కోర్:
56 తప్పు, 52.1. మొదటి పిక్‌కు 14 శాతం సరే. రెండోది తీసే సమయానికి, మొదటిది మనకే వచ్చి ఉంటే మనం ఇక బరిలో ఉండం. అందుకే రెండోదానికి 13.4, మూడోదానికి 12.7, నాలుగోదానికి 12. నాలుగూ తప్పితే మిగతా జట్లను ఓటముల వరుసలోనే పెడతారు, కాబట్టి మిగిలిన 47.9 శాతం మొత్తం ఐదో పిక్‌కే వెళ్తుంది. విడివిడిగా చూస్తే ఆఖరి జట్టుకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఐదో పిక్కే. 2019 నుంచి పద్ధతి ఇదే. అంతకుముందు ఆఖరి జట్టుకు మొదటి పిక్ అవకాశం 25 శాతం ఉండేది, లాటరీ మూడు పిక్‌లకే తీసేవారు కాబట్టి నాలుగు దాటి కిందకు జారేది కాదు.

చాదర్‌ఘాట్_గార్డ్:
నాలుగు శాతం తేడాకు ఇంత పాఠమా? మాట ఒక్కటే కదా, సగం మీద ఉండె, పోయింది.

జెడ్‌స్కోర్:
మాట ఒక్కటి కాదు. "సగానికి పైగా ఉంది, ఓడటమే సరైన ఎత్తుగడ" అని జనవరి నుంచి ఇక్కడ వాదించింది మీరే. ఆఖరి మూడు జట్లకూ 14 శాతమే ఇస్తారు. 17 గెలిచినా 19 గెలిచినా మొదటి పిక్ అవకాశంలో వెంట్రుకవాసి తేడా లేదు. షార్లెట్ 19 గెలిచి నాలుగో పిక్ తీసుకుంది. వాషింగ్టన్ 18 గెలిచి ఆరుకు జారింది. ఆఖరున నిలవడం వల్ల జాజ్‌కు దక్కిన హామీ ఒక్కటే, ఐదు దాటి జారకపోవడం. ఆ ఒక్క మెట్టు కోసం ఏడాదంతా కుర్రాళ్లకు ఓడిపోవడం అలవాటు చేశారు. నాకు కోపం అక్కడ.

బాక్స్‌అవుట్_బోరబండ:
లెక్కలు పక్కన పెట్టండి. ఫిబ్రవరిలో తన స్టార్ ఆటగాడు లూకాను లేకర్స్ జట్టుకు పంపిన డాలస్‌కే మేలో ఫ్లాగ్ రావడం మామూలుగా జరిగిందంటే నమ్మాలా? టీవీలో మనకు చూపించేది కవర్లే, బంతులు తీసేది లోపలి గదిలో.

జెడ్‌స్కోర్:
లోపలి గదిలో తీసేటప్పుడు జట్ల ప్రతినిధులు, పత్రికలవాళ్లు, ఆడిట్ సంస్థవాళ్లు ఉంటారు. 1 నుంచి 14 దాకా అంకెలున్న బంతులు. నాలుగు తీస్తే వరుసతో పనిలేకుండా 1001 కలయికలు వస్తాయి. 11, 12, 13, 14 కలయికను వదిలేసి మిగతా 1000 ముందే జట్లకు పంచేస్తారు. ఆఖరి జట్టుకు 140, డాలస్‌కు 18. డాలస్, షికాగో రెండూ 39-43తో సమానంగా ఉన్నాయి కాబట్టి వాళ్లిద్దరి వాటా 18, 17గా విడిపోయింది. 20 సెకన్లు తిప్పి మొదటి బంతి, తర్వాత పదేసి సెకన్లకు ఒకటి. ఇందులో ఎక్కడ మోసం జరిగిందో చూపించండి, వింటాను.

బాక్స్‌అవుట్_బోరబండ:
చూపించలేను. నమ్మనూ లేను. చర్చ ముగిసింది.

సికింద్రాబాద్_సిక్స్త్‌మ్యాన్:
అందరూ బంతుల డబ్బా చుట్టూ తిరుగుతున్నారు. కోర్టులోకి రండి. పన్నెండేళ్లుగా పిక్ అండ్ రోల్ (సెంటర్ డిఫెండర్‌కు అడ్డం నిలబడి స్క్రీన్ వేస్తే, బంతి ఉన్న గార్డ్ దాని పక్క నుంచి దూరే ఎత్తుగడ) నేర్పుతున్నవాడిగా చెబుతున్నాను, కోలియర్ సమస్య బంతి పంపడం కాదు. జాన్ స్టాక్‌టన్ రూకీగా (తొలి సీజన్‌లో) చేసిన 415 అసిస్ట్‌ల (బాస్కెట్‌కు దారితీసిన పాస్‌ల) క్లబ్ రికార్డును దాటిన కుర్రాడికి చూపు లేదని ఎవరూ అనలేరు. సమస్య ఏమిటంటే మూడు పాయింట్ల షాట్ నాలుగింట ఒకటే పడుతోంది. అందుకని అతని మీద ఉన్న డిఫెండర్‌కు స్క్రీన్ పైనుంచి, అంటే బంతి ఉన్నవాడి వైపు నుంచి, వచ్చే అవసరమే లేదు. వెనక్కి తగ్గి, స్క్రీన్ కింద నుంచి, అంటే రిమ్ (బాస్కెట్ రింగ్) వైపు నుంచి దాటి, దారికి అడ్డంగా ముందే నిలబడతాడు. ఇంకొకరు సాయానికి రానక్కర్లేదు, మూలల్లో ఉన్న మన షూటర్లకు ఖాళీ దొరకదు. మొత్తం ఆట అక్కడే ఆగిపోతుంది.

దీనికి మందు షూటింగ్ ఒక్కటే కాదు. స్క్రీన్‌ను మూడు పాయింట్ల గీత బయట పెడితే కింద నుంచి వెళ్లేవాడికి బోలెడంత చోటు. అదే స్క్రీన్‌ను గీతకు నాలుగైదు అడుగులు లోపల, ఫ్రీ త్రో గీతకు దగ్గరగా పెట్టండి. అప్పుడు కింద నుంచి వెళ్లినవాడు రిమ్ కిందికి చేరిపోతాడు, కోలియర్ పరుగు మీద వచ్చి భుజంతో ఢీకొట్టి లేఅప్ వేయగలడు. రెండో దారి, మళ్లీ స్క్రీన్. డిఫెండర్ కింద నుంచి వెళ్లాడని చూడగానే సెంటర్ పాదాలు తిప్పుకుని రెండో వైపు ఇంకోటి వేయాలి. మొదటి స్క్రీన్ వేసి సెంటర్ వెంటనే రిమ్ వైపు పరుగు తీస్తే ఈ రెండో స్క్రీన్ ఉండదు.

మార్నింగ్_మ్యాచ్:
మరి జార్జ్?

సికింద్రాబాద్_సిక్స్త్‌మ్యాన్:
జార్జ్ మీద స్క్రీన్ కింద నుంచి ఎవరూ వెళ్లరు, దూరం నుంచి ఆగి కొడతాడని భయం. కానీ రెండు సీజన్లూ మొత్తం షాట్లలో 40 శాతం లోపే పడ్డాయి. భయపెట్టడం వేరు, వేయడం వేరు. అసలు తలనొప్పి రెండో వైపు, మనం డిఫెన్స్ ఆడేటప్పుడు. కెస్లర్ డ్రాప్‌లో ఆడతాడు, అంటే బంతి ఉన్నవాడి మీదికి రాకుండా రిమ్ కాపాడుతూ వెనక్కి తగ్గుతాడు. అలాంటప్పుడు గార్డ్ స్క్రీన్ పైనుంచి దూరి, బంతి ఉన్నవాడి వీపుకు అతుక్కుని వెనక నుంచి తరమాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే ఎదుటివాడు ఫ్రీ త్రో గీత దగ్గర నింపాదిగా ఆగి కొడతాడు, చూసేవాళ్లు కెస్లర్‌ను తిడతారు. తప్పు గార్డ్‌ది.

కొండాపూర్_క్యాప్:
ఈ మాటకు నూటికి నూరు. ఇక రెండో ప్రశ్న. కెస్లర్‌తో ఇప్పుడు సంతకం చేయొద్దు. ఈ ఏడాది జీతం దాదాపు 49 లక్షల డాలర్లు. పొడిగించకపోతే వచ్చే వేసవికి రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు, ఎవరు ఎంత ఇస్తామన్నా మనం సరితూగి ఉంచుకోవచ్చు. లాభం ఎక్కడుందంటే, ఒప్పందం కుదిరేదాకా మన పుస్తకాల్లో అతని పేరు మీద జీతానికి మూడు రెట్లే, అంటే దాదాపు 1.46 కోట్లే పడుతుంది. ముందు క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో) ఉన్న ఖాళీ చోటుతో బయటివాళ్లను తెచ్చుకుని, చివర్లో క్యాప్ దాటి కెస్లర్‌కు సంతకం చేయొచ్చు. ఇప్పుడే రెండు కోట్లకు పైన రాసిస్తే ఆ తేడా చోటంతా పోయినట్టే.

ఫ్రీత్రో_పద్మ:
క్యాప్ సరే అన్నా, మనిషి సంగతో? 11 పాయింట్లు, 12 రీబౌండ్లు, మ్యాచ్‌కు రెండుకు పైగా బ్లాక్‌లు ఇచ్చిన కుర్రాణ్ని ఏడాదంతా సంతకం లేకుండా ఆడించి, తర్వాత "నువ్వే మా భవిష్యత్తు" అంటే నమ్ముతాడా? నాకున్న అభ్యంతరం డబ్బు కాదు, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఇచ్చే షాట్లు). సగం కంటే కాస్త ఎక్కువే పడుతున్నాయి. దగ్గరి మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాల్లో అతన్ని కోర్టులో ఉంచలేం, ఎదుటివాళ్లు బంతి అందగానే ఫౌల్ చేస్తారు. మీరెవరూ దాని మాటే ఎత్తలేదు.

చాదర్‌ఘాట్_గార్డ్:
దగ్గరి మ్యాచ్‌లు ఎక్కడున్నయి అక్కా? గెలవకూడదనే కదా ఆడిచ్చింది. మన స్టార్ మార్కనెన్‌ను 47 మ్యాచ్‌లే ఆడనిచ్చిండ్రు. లీగ్ లక్ష డాలర్ల జరిమానా కూడ వేసింది.

కొండాపూర్_క్యాప్:
జరిమానా ఎందుకు పడిందో కూడా రాయండి తమ్ముడూ. గత మూడు సీజన్లలో ఒక్కసారైనా ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపిక) అయిన ఆటగాణ్ని సరైన కారణం లేకుండా కూర్చోబెట్టకూడదని 2023-24 నుంచి నిబంధన ఉంది. మార్కనెన్ 2023లో ఆల్‌స్టార్. మార్చి 5న వాషింగ్టన్ మ్యాచ్, ఇంకొన్ని మ్యాచ్‌లు కలిపి వేశారు. ఇంకో సంగతి. ఫిబ్రవరిలో అతన్ని అమ్మేసి ఉండాల్సిందని మీరు పదిసార్లు రాశారు. కుదరదు. 2024 ఆగస్టు 7న సంతకం చేశాడు. ఆరు నెలల దాకా బదిలీ చేయరాదు, ట్రేడ్ గడువు ఫిబ్రవరి 6. ఒక్క రోజు ముందు చేసి ఉంటే కుదిరేది. ఆ తేదీ ఎంచుకున్నదే ఆ సీజన్‌లో తనను పంపించకూడదని.

చాదర్‌ఘాట్_గార్డ్:
తమ్ముడు అనుడు బంద్ చెయ్యండ్రి, మీ వయసు నాకు తెల్వది. తేదీ సంగతి ఒప్పుకుంటున్న. కానీ ఈ ఏడు కూడ ఓడక తప్పదు, గెలిస్తె ఓక్లహోమా జట్టుకు మన పిక్ పోతది కదా.

కొండాపూర్_క్యాప్:
సరే గార్డ్ గారూ. అసలు అందరూ మాట్లాడాల్సింది దీని గురించే. 2021లో లగ్జరీ టాక్స్ (జీతాలు మరీ పెరిగిన జట్టు లీగ్‌కు కట్టే పన్ను) తగ్గించుకోవడానికి ఆటగాడు డెరిక్ ఫేవర్స్‌ను ఓక్లహోమాకు వదిలించుకుంటూ ఇచ్చిన పిక్ అది. 2026లో మొదటి ఎనిమిదిలో పడితే మనది, తొమ్మిది లేదా ఆపైన పడితే ఓక్లహోమాది. మన దగ్గరే ఉండిపోతే బాకీ అక్కడితో తీరిపోతుంది.

జెడ్‌స్కోర్:
దాని లెక్క ఇదిగో. లాటరీలో ఏ జట్టైనా తన స్థానం నుంచి గరిష్ఠంగా నాలుగు మెట్లే జారుతుంది. కాబట్టి కింది నుంచి నాలుగో స్థానం లోపు ఉంటే పిక్ ఖాయంగా మనదే. ఐదో స్థానమైతే 99 శాతానికి పైన. ఆరైతే 96. ఏడైతే 86. ఎనిమిదైతే ఒక్కసారిగా 61కి పడుతుంది. అంటే మళ్లీ 17కి దిగజారాల్సిన పని లేదు, కింది నుంచి ఐదారు స్థానాల మధ్య ఉన్నా దాదాపు భయం లేదు. అయిపోయిన సీజన్‌లో ఫిలడెల్ఫియా 24 గెలిచి ఐదో స్థానంలో ఉంది. ఏడు గెలుపులు ఎక్కువ తెచ్చుకుంటూనే పిక్ కాపాడుకోవచ్చు. ఆ ఏడు మ్యాచ్‌ల చివరి నిమిషాలే కుర్రాళ్లకు అసలు చదువు.

బాక్స్‌అవుట్_బోరబండ:
ఆ పిక్ ఉంటే కాలేజీ కుర్రాడు ఏజే డిబాన్సా దొరకొచ్చు. ప్రోవోలో, బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ)లోనే ఆడబోతున్నాడు, సాల్ట్ లేక్ నుంచి గంట ప్రయాణం. వదులుకుంటారా?

ఫ్రీత్రో_పద్మ:
మూడో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. కోడీ విలియమ్స్ పదో పిక్, షాట్లు మూడింట ఒకటి పడ్డాయి. నేను ఇంకో ఏడాది ఇవ్వమంటాను. సన్నగా ఉన్నాడు, ఢీ తగలగానే షాట్ గతి తప్పుతుంది. అది బరువు సమస్య, చేతి సమస్య కాదు.

సికింద్రాబాద్_సిక్స్త్‌మ్యాన్:
చేతి సమస్య కూడా ఉంది. బంతిని భుజం దగ్గర నుంచి తోస్తాడు. మన దగ్గర పిల్లల్లో రోజూ కనిపించేది ఇదే. పదేళ్ల పిల్లాడికి 7వ నంబర్ బంతి (పెద్దవాళ్ల సైజు) ఇస్తారు, పది అడుగుల రింగ్. బలం చాలక ఛాతీ నుంచి నెట్టడం నేర్చుకుంటాడు, పదిహేనేళ్లకు మార్చబోతే మారదు. పన్నెండు లోపు 5వ నంబర్ బంతి, 2.6 మీటర్ల రింగ్ ఉండాలి. అమ్మాయిలకు ఆ తర్వాత 6వ నంబరే. మైదానాల్లో ఒకే ఎత్తు రింగ్‌లు బిగించేసి షూటర్లు రావట్లేదని బాధపడితే ఎలా?

బాక్స్‌అవుట్_బోరబండ:
రింగ్ ఎత్తు మార్చడం మన చేతుల్లో ఉందా? సిమెంట్ కోర్టుల్లో బోర్డు పగలకుండా ఉంటే అదే ఎక్కువ. 5వ నంబర్ బంతి అడిగితే చాలా దుకాణాల్లో బొమ్మ బంతి చేతిలో పెడతారు.

సికింద్రాబాద్_సిక్స్త్‌మ్యాన్:
చుట్టుకొలత కొలిచి తీసుకోండి. 5వది 69 నుంచి 71 సెంటీమీటర్లు, 470 నుంచి 500 గ్రాములు. గాలి కొట్టాక తలెత్తు నుంచి వదిలితే నడుము దాటి లేవాలి.

మార్నింగ్_మ్యాచ్:
దీనికి వేరే చర్చ పెట్టుకుందాం, దయచేసి. కోలియర్ మీద డిఫెండర్లు కింద నుంచి వెళ్తున్నారన్నది నిజమో కాదో ఈసారి మనమే రాసి తేలుద్దాం. మొదటి పది మ్యాచ్‌లు. ప్రతి స్క్రీన్‌కు నాలుగు గళ్లు: డిఫెండర్ పైనుంచా, కింద నుంచా, డిఫెండర్లిద్దరూ తమ మనుషుల్ని మార్చుకున్నారా, ఆ తర్వాత ఏమైంది. కెస్లర్ ఉన్నప్పుడు, లేనప్పుడు విడిగా రాయాలి. కెస్లర్ బయట ఉంటే అతని బదులు ఫిలిపౌస్కీ స్క్రీన్ వేసి బయటికి జరుగుతాడు, రిమ్ వైపు పోడు, రెండూ కలిపితే లెక్క చెడుతుంది.

జెడ్‌స్కోర్:
స్క్రీన్ ఎక్కడ వేశారో ఐదో గడి కూడా పెట్టండి, గీత బయటా లోపలా. లేకపోతే సిక్స్త్‌మ్యాన్ గారు చెప్పిన మందు పనిచేసిందో లేదో తెలియదు. ఒక మ్యాచ్‌కు ముప్పై స్క్రీన్‌లైనా లేకుండా శాతాలు రాయొద్దు.

చాదర్‌ఘాట్_గార్డ్:
మొదటి హాఫ్ నేను రాస్త. తొమ్మిదింటికి పనికి పోవాలె, రెండో హాఫ్ ఎవరన్న తీస్కోండ్రి.