అప్‌డేట్: సీల్ తీయని లెగో తాజ్‌మహల్, విప్పేశాం

అన్నయ్య ఇచ్చిన లెగో తాజ్‌మహల్ (ప్లాస్టిక్ ముక్కలు జోడించి కట్టే బొమ్మ సెట్, నంబరు 10256) సీల్ తీయాలా, ధర పెరిగేదాకా దాచాలా అని అడిగాను కదా. విప్పేశాం! గుమ్మటం పని మా పాపదే, చాలా సంబరంగా కడుతోంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

నిర్ణయం తేల్చింది ఒక్క మాట: కంపెనీ మళ్ళీ విడుదల చేస్తే పాత పెట్టె ధర పడిపోవచ్చు. ఈ తాజ్‌మహల్ విషయంలోనే చూడండి, 2008లో 10189 నంబరుతో, 5,922 ముక్కలతో వచ్చిన సెట్‌నే 2017లో 10256గా, 5,923 ముక్కలతో మళ్ళీ తెచ్చారు. లాభం కోసం దాస్తే ఆ రిస్క్ కూడా మోయాలి.

పెట్టెలో ప్లాస్టిక్ పాడవుతుందేమోనన్న టెన్షన్ అనవసరం, అది ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్. చెమ్మకు దెబ్బతినేది అట్టపెట్టె. కట్టాక మాత్రం నేరుగా ఎండ తగలనివ్వకండి, తెల్ల ముక్కలు పసుపెక్కుతాయి. పెట్టె, సూచనల పుస్తకాలు పారేయకండి. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే వాటితో మంచి ధర వస్తుంది.