అప్‌డేట్: పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారికి బరువు తగ్గించే ఆపరేషన్

పార్కిన్సన్స్ (వణుకుడు వ్యాధి) ఉన్న మా నాన్నగారికి స్థూలకాయం తగ్గడానికి ఆపరేషన్ చేయించవచ్చా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు న్యూరాలజిస్టును కలవమన్న సూచనే దారి చూపింది. ఈ వ్యాధికి నాన్నగారు వేసుకునే లెవోడోపా మందు ప్రధానంగా చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలోకి చేరుతుంది కనుక, ఆ భాగాన్ని దాటవేసే బైపాస్ వద్దని ఆయన, చెన్నైలోని మా సర్జన్ మాట్లాడుకుని జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ పద్ధతిని ఎంచుకున్నారు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇవ్వరాదని కేస్‌షీటు మీద ఎర్రసిరాతో రాయించారు. అది వణుకును, బిగుసుకుపోవడాన్ని పెంచుతుంది. మాంసకృత్తులు లెవోడోపాకు అడ్డుపడతాయట, అందుకే మాత్ర వేసుకున్న అరగంట తర్వాతే ప్రోటీన్ పొడి కలిపిన మజ్జిగ ఇస్తున్నాం. బరువు తగ్గి, ఇప్పుడు కుర్చీలోంచి ఎవరి ఆసరా లేకుండా లేస్తున్నారు. వ్యాధి మాత్రం ఉంది, మాత్రలు కొనసాగుతున్నాయి. లెవోడోపా వల్లా, ఆపరేషన్ వల్లా విటమిన్ బి12 తగ్గవచ్చు కనుక ఆ రక్తపరీక్ష దయచేసి మానకండి.